హాస్యమున చెలిమి : సత్యభామా మాధవులు, ఎడీనా పాట్సీలు

కొమురంభీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమునందలి గోండు గూడెములలో దీపావళి వేళ దండారి జట్లు ఊరూర తిరిగి ఆడుట తరతరముల ఆచారము. ఈ మండలములోని మార్లవాయి గ్రామవాసి గుస్సాడీ కనకరాజునకు 2021లో పద్మశ్రీ పురస్కారము లభించిన సంగతి విదితమే. నెమలిపింఛముల కిరీటములు దాల్చిన గుస్సాడీల వెంట, స్త్రీవేషము ధరించిన యువకులు, అనగా పోరిక్‌లు, ఆడుదురు. ఇది దైవసంబంధమైన ఆచారమే గాని ప్రహసనము కాదు. అయినను దీనిని చూచినపుడు మాకొక ప్రశ్న తోచినది. మన ప్రదర్శనకళలలో స్త్రీ విలాసమును, స్త్రీ ఆగడమును చిరకాలము పురుషుడే అభినయించినాడు. స్త్రీలే వ్రాసి, స్త్రీలే ఆడి, ఇరువురు చెలుల దుడుకుతనమును నాటికకు కేంద్రముగా నిలిపినచో హాస్యస్వరూప మెట్లు మారును? ఈ ప్రశ్నకు సమాధానముగా మేము రెండు కృతులను పరిశీలింతుము. ఒకటి కూచిపూడివారి భామాకలాపము. రెండవది ఆంగ్ల టెలివిజన్ హాస్యధారావాహిక ‘ఆబ్సల్యూట్లీ ఫ్యాబ్యులస్’.

వికృతమైన ఆకారము, వేషము, అలంకారము, చేష్ట హాస్యమునకు విభావములని భరతుడు చెప్పినాడు. ఈ రసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మిక్కుటముగా కానవచ్చునని కూడ ఆయన యభిప్రాయము. ఈ మాటలో స్త్రీ హాస్యమునకు ఆశ్రయముగా చెప్పబడినదే గాని, నవ్వించు అధికారము కలదిగా చెప్పబడలేదు. ఈ భేదమే మా పరిశీలనకు మూలము.

సిద్ధేంద్రయోగి కృతముగా ప్రసిద్ధిగన్న భామాకలాపమున సత్యభామ సౌందర్యగర్విత. జడను తెరమీదుగా వ్రేలవైచి తన విద్యాగర్వమును చాటుట ఆమె ప్రవేశములోనే కలదు. ఆమె చెలికత్తె మాధవి. కృష్ణునికి లేఖ చేర్చుటకు ప్రతిఫలముగా మాధవి ముక్కెర కోరుటయు, సత్యభామ మరియే నగనైన నిత్తుననుటయు, ఆ బేరము సాగుటయు ఈ కలాపమున హాస్యమునకు పట్టుగొమ్మ. ఇట విలాసము కలదు, పంతము కలదు, చెలిమియు కలదు. కాని ఆ చెలిమి సాధనమే గాని సాధ్యము కాదు. లేఖ నాయకుని చేరగనే చెలికత్తె పని ముగియును; గర్వ మణగి నాయిక నాయకుని చేరుటతో కలాపము ముగియును. సంప్రదాయమున ఈ మాధవిని సూత్రధారుడే అభినయించుట గమనింపదగినది. నవ్వించు పగ్గములు అతని చేతిలోనే యున్నవి.

ఇక రెండవ కృతి. 1990లో ‘ఫ్రెంచ్ అండ్ సాండర్స్’ కార్యక్రమమున వచ్చిన తల్లీకూతుళ్ల చిన్న ఘట్టమే దీనికి బీజము. 1992 నవంబరులో బి.బి.సి. రెండవ ఛానెల్‌లో ధారావాహికగా ఆరంభమైనది. రచయిత్రి జెన్నిఫర్ సాండర్స్ తానే ఎడీనా పాత్రను ధరించినది. జోయానా లమ్లీ పాట్సీ పాత్రను ధరించినది. ఎడీనా ప్రచారవ్యాపారము నడుపు ధనికురాలు. పాట్సీ ఫ్యాషన్ పత్రికలో పేరునకు ఉద్యోగిని. ఇరువురును బడినాటి నేస్తములు. మద్యము, ధూమపానము, అబద్ధము, సోమరితనము వీరి నిత్యకృత్యములు. ఒంటికి నప్పని కొత్తమోస్తరు దుస్తులలో ఎడీనా తన్నుతాను ఇరికించుకొనుట భరతుడు చెప్పిన వికృతవేషమునకు చక్కని ఉదాహరణము. అయితే ఆ వేషమును కల్పించినది ఆ వేషము ధరించినదియే. కావున నవ్వు ఆమె దేహముపైకంటె, ఆమెను ఆ దుస్తులలోనికి నెట్టిన వ్యాపారలోకముపై ఎక్కువగా ప్రసరించుచున్నది.

దీనికంటె ముఖ్యమైన విశేష మింకొకటి కలదు. 1995లో మూడవ భాగము ముగింపున పాట్సీ న్యూయార్కునకు తరలిపోగా చెలులిరువురు విడిపోవుదురు. ఒకరిని విడిచి ఒకరు నిలువలేక మరల కలియుదురు. భామాకలాపమున విరహము నాయకునికై. ఇట విరహము చెలికై. కృష్ణుని స్థానమున మాధవియే నిలిచినదన్నమాట. హాస్యపు ముసుగున దాగిన ఈ మార్పే ఆ కృతి ప్రాణమని మా నిశ్చయము.

ఇట్టి దుర్వర్తనకు శిక్షయు పశ్చాత్తాపమును లేకుండుట దోషముకాదా యని కొందరాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. కాని శిక్ష లేదన్నంతమాత్రమున తీర్పు లేదనరాదు. ఎడీనా కుమార్తె సాఫ్రన్ చదువరి, మితభాషిణి. తల్లిని మందలించు పెద్దరికము ఆ పిల్లపై పడినది. ఈ చెలిమికి మూల్యము చెల్లించుచున్నది ఆమెయే. పాట్సీ ఆమెపట్ల చూపు క్రౌర్యము నవ్వించుచునే మనస్సును నొప్పించును. ఈ నొప్పి యున్నంతకాలము నాటిక సజీవము. 2001 తరువాతి భాగములలోను, 2016 నాటి చలనచిత్రములోను ప్రఖ్యాతుల రాకపోకలు పెరిగి ఈ నొప్పి పలుచబడినది. అందుచే హాస్యమును పలుచబడినది.

మన హాస్యమున ఆగడము చేయు హక్కు స్త్రీలలో అత్తకు దక్కినది. 1962 నాటి ‘గుండమ్మకథ’లో సూర్యకాంతము పాత్ర అట్టిది, కాని తుదకు ఆమెకు కనువిప్పు కలుగక తప్పలేదు. 2001 నుండి 2007 వరకు జెమినిలో ప్రసారమైన ‘అమృతం’ నేస్తముల తెలివితక్కువ పన్నుగడలతో తెలుగువారిని కడుపుబ్బ నవ్వించినది. ఆ నేస్తములు అమృతరావు, ఆంజనేయులు. వారెన్నిమారులు చతికిలబడినను మరువారము మరల మొదలిడుదురు. సంస్కరింపబడుమని వారి నెవరును నిర్బంధింపలేదు. భార్యలైన సంజీవని, శాంతలకు మాత్రము ప్రధానముగా మందలించు పని మిగిలినది. పురుషమైత్రికి మన హాస్యమిచ్చిన ఈ స్వేచ్ఛ స్త్రీమైత్రికి అంతగా లభింపలేదు.

దుర్వర్తనమును ప్రశంసించుట మా యుద్దేశము కాదు. తప్పుచేసియు నవ్వింపగల అధికారము పాత్రకు సమగ్రమైన మానుషత్వము నిచ్చునని మాత్రమే మా వాదము. మాధవి ముక్కెర బేరములో ఆ బీజము మనకు ఏనాడో కలదు. లేఖ చేర్చి తొలగిపోక ఆమె రంగమున నిలిచియున్నచో ఏమి జరిగియుండునో ఊహించుట రచయితల పని. కలాపముల ప్రతులలో ఆమె పాత్ర ఎచ్చట పెరిగినదో, ఎచ్చట తరిగినదో పోల్చి చూచుట పరిశోధక విద్యార్థుల పని.