ఫిల్మోర్ కచేరీ పోస్టర్లు: అక్షరం, అస్పష్టత, ప్రయోజనం

ఉపోద్ఘాతం

కచేరీ గోడపత్రికకు మొదటి ధర్మం సమాచారం. ఎవరు పాడుతున్నారో, ఎక్కడో, ఎప్పుడో దారిన పోయేవారికి క్షణంలో తెలియాలి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఫిల్మోర్ ఆడిటోరియం కోసం 1966 నుంచి వెలువడిన చిత్రపోస్టర్లు ఈ ధర్మాన్ని ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టాయి. ఆ అస్పష్టత సాధించినదేమిటో, నేటి పోస్టర్లలో అది ఏ మేరకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

వేదిక నేపథ్యం

ఫిల్మోర్, గియరీ వీధుల కూడలిలోని ఈ భవనాన్ని 1912లో నృత్యశాలగా నిర్మించారు. 1950లలో చార్లెస్ సలివన్ నిర్వహణలో ఇది నల్లజాతి సంగీతకారులకు ముఖ్యవేదిక అయింది. 1965 డిసెంబరులో బిల్ గ్రాహం ఒక నాటకబృందం సహాయార్థం ఇక్కడ కార్యక్రమం జరిపి, మరుసటి ఏడాది నుంచి క్రమం తప్పకుండా రాక్ కచేరీలు ఏర్పాటు చేశాడు. వాటి తొలి పోస్టర్లకు ప్రధాన రూపకర్త వెస్ విల్సన్.

అక్షరమే చిత్రం

వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ 1903 నాటి ప్రదర్శన పోస్టర్‌లో వాడిన దిమ్మెల వంటి అక్షరాలు విల్సన్‌కు ప్రేరణ. రోలర్ అక్షరాలు నిశ్చలంగా నిలబడతాయి. విల్సన్ వాటిని వంచి, సాగదీసి, ఇచ్చిన ఆకృతిలో నిండుగా పోశాడు. 1966 జులై నాటి ఒక పోస్టర్‌లో ఆకుపచ్చ నేపథ్యం మీద సంగీతబృందాల పేర్లు ఎర్రని మంటలై లేస్తాయి. పరస్పర విరుద్ధమైన ఆ రెండు రంగులు పక్కపక్కన చేరడంతో అక్షరాల అంచులు కదులుతున్నట్లు కనిపిస్తాయి. చూపరికి ముందు మంట కనబడుతుంది, పేరు తరువాత తెలుస్తుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ బంధకవిత్వం స్ఫురించడం సహజం. చక్రబంధంలో, నాగబంధంలో కూడా అక్షరాలు ఒక ఆకృతికి లోబడి, చదివేవారి శ్రమను కోరతాయి. మమ్మటుడు చిత్రకావ్యాన్ని అవరకోటిలో చేర్చడానికి కారణం అందులో వ్యంగ్యం ప్రధానం కాకపోవడం. విల్సన్ పోస్టర్‌కు ఈ ఆక్షేపణ పూర్తిగా వర్తించదు. దాని వాచ్యార్థం కొన్ని పేర్లు, ఒక తేదీ మాత్రమే. ఆ కచేరీ ఎలా ఉండబోతుందో సూచించేది అక్షరాల కదలికే. ఆగి చదివే ఓపిక ఉన్నవారిని అది లోపలికి పిలుస్తుంది, లేనివారిని పోనిస్తుంది. అయినా ఇది బాధ్యతారాహిత్యం కాదు. టిక్కెట్లు దొరికే చోట్లను అనేక పోస్టర్ల అడుగున చిన్న అక్షరాలలో పొందుపరిచారు.

సాహసం, ప్రతిఫలం

ఈ పద్ధతిలో నిజమైన ప్రమాదం ఉంది. పోస్టర్ అర్థం కాకపోతే శాల నిండదు, నష్టం నిర్వాహకుడిది. జనం పోస్టర్లను గోడల మీద నుంచి ఊడదీసి ఇళ్లకు తీసుకుపోవడం ఆ సాహసం ఫలించిందనడానికి నిదర్శనం. కాని పోస్టర్ ప్రకటన స్థాయిని దాటి వస్తువుగా మారగానే దాని ప్రతిఫలం ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది. పారితోషిక విషయంలో గ్రాహంతో విభేదించి విల్సన్ 1967లో తప్పుకున్నాడు. అప్పటివరకు శాలలో రాబోయే కచేరీల వివరాలను నల్లబల్ల మీద అలంకరించి రాస్తున్న బానీ మెక్‌లీన్ ఆ బాధ్యత స్వీకరించింది. గ్రాహం భార్య అయినంత మాత్రాన ఆమెను విల్సన్‌కు ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడటం సరికాదు. విల్సన్ అక్షరశైలిని కొనసాగిస్తూనే, ప్రశాంతమైన ముఖాలతో, గోతిక్ ఛాయలతో ఆమె పోస్టర్‌కు నిలకడ తెచ్చింది.

నేటి పోస్టర్

1989 భూకంపంలో దెబ్బతిన్న ఈ శాల 1994లో తిరిగి తెరుచుకుంది. టిక్కెట్లన్నీ అమ్ముడైన కచేరీలలో, బయటికి వెళ్లే ప్రేక్షకులకు ఆ రాత్రి పోస్టర్‌ను ఉచితంగా ఇచ్చే ఆచారం ఇక్కడ ప్రసిద్ధం. అందమైన ఆచారమే, అయితే పోస్టర్ ప్రయోజనం దీనితో తలకిందులవుతుంది. అలా చేతికందే పోస్టర్ ఎవరినీ పిలవదు, జరిగిపోయినదానికి సాక్ష్యం చెబుతుంది. శాల ముందే నిండింది కాబట్టి అక్షరం అర్థం కాకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఈ స్థితిలో 1966 నాటి మంటల అక్షరాలను అనుకరిస్తే మిగిలేది అలంకారం మాత్రమే. బంధకవిత్వం మీద వచ్చిన విమర్శ విల్సన్ కంటే ఈ అనుకరణలకే ఎక్కువ తగులుతుంది.

ముగింపు

ఫిల్మోర్ తొలి పోస్టర్ల గొప్పతనం వంపుల్లో కాక, ఆ వంపుల అవసరంలో ఉంది. ఈ వేదికకు నేడు బొమ్మ గీసే చిత్రకారుడికి సమాచారభారం తగ్గింది. ఆ ఒక్క రాత్రికి, ఆ ఒక్క బృందానికి మాత్రమే చెల్లే రూపాన్ని కనుగొనే భారం పెరిగింది. పేరు, తేదీ మార్చి మరో కచేరీకి వాడుకోగల పోస్టర్ ఎంత అందంగా ఉన్నా సాక్ష్యంగా నిలవదు. నేటి ఫిల్మోర్ పోస్టర్‌ను ఈ కొలతతోనే విలువ కట్టాలి.