‘వియ్, ది ఇన్విజిబుల్’ : కాలిబాట జనగణనపై ఒక విమర్శ

1985లో బొంబాయి నగరమున ‘వియ్, ది ఇన్విజిబుల్’ అను ఆంగ్లగ్రంథ మొకటి వెలువడినది. కాలిబాటలపై గుడిసెలు వేసికొని బ్రతుకువారి జనగణనయే యందలి విషయము. 1984లో స్థాపితమైన స్పార్క్ అను సంస్థ దీనిని ప్రకటించినది. సుమారు 6,000 కుటుంబముల వివరము లిందు గలవు.

ఆ కాల మెట్టిదో స్మరింపవలెను. 1981 జులైలో ముఖ్యమంత్రి అంతులే కాలిబాటవాసులను వెడలగొట్టి స్వస్థలములకు పంపివేయ నాజ్ఞాపించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కెను. 1985 జులై 10వ తేదీన వెలువడిన ఓల్గా టెల్లిస్ తీర్పు, జీవనోపాధి జీవించు హక్కులో భాగమే యనుచు, తగిన నోటీసిచ్చి గుడిసెలను తొలగింపవచ్చు ననియు పలికెను. హక్కు దక్కినది గాని యిల్లు దక్కలేదు! వీరు నేడుండి రేపు పోవువా రను వాదమునకు ఈ గ్రంథము అంకెలతో బదులు చెప్పినది. వీరు కూలినాలి చేసికొను కుటుంబీకు లనియు, పనికి నడచిపోవుటకు వీలగు చోటనే నివసించుచున్నా రనియు నిరూపించినది.

పరిశోధకులు దూరమున నిలిచి లెక్కించినచో ఇది మరియొక సర్కారు దస్త్ర మయ్యెడిది. బైకుల్లా కాలిబాటల స్త్రీలతో కలసి పనిచేయుటయే దీని బలము. ఆ స్త్రీలే 1986లో మహిళా మిలన్‌గా నేర్పడిరి. జోకిన్ అర్పుతమ్ 1974లో నెలకొల్పిన జాతీయ మురికివాడల సమాఖ్యయు వీరితో చేరినది. తమ వాడను తామే లెక్కించుకొను నీ పద్ధతి తరువాత అన్యదేశములకును ప్రాకినది.

అయినను నాకు రెండాక్షేపణలు గలవు. పేరులో ‘మేము’ అని యున్నది. భాష మాత్రము ఆంగ్లము. లెక్కింపబడినవారిలో దానిని చదువగలవా రెందరు? న్యాయస్థానమునకును అధికారులకును ఆంగ్లమే యక్కరకు వచ్చుననుట నిజమే. కాని వాడలోని యవ్వకు వినిపించు ప్రతి వేరొకటి యుండవలదా? రెండవది యింతకంటె గడ్డుది. జాబితా కాపాడును, వెలివేయును గూడ. 1995 నాటి పునరావాస పథకమున కాలిబాటవాసులకును చోటు దొరకినది. అది గొప్ప విజయమే. కాని 1995 జనవరి 1వ తేదీకి పూర్వమే యున్నట్లు ఋజువు చూపినవారికే యా చోటు. ఆ గడువు పిదప 2000 వరకు జరిగినది. అటుపిమ్మట వచ్చిన కూలివాని గతి యేమి? లెక్కను ఆయుధముగా జేసికొన్నవారు దాని రెండవ యంచును గూర్చి యింకను విరివిగా చర్చింపవలసి యుండెను.

మనవారి కీ చర్చ పరాయిది కాదు. బైకుల్లాకు చేరువనున్న కామాఠిపురమునకు ఆ పేరు, నగరనిర్మాణమునకు కూలికి వచ్చిన తెలుగు కామాఠీల వలననే కలిగినది. వారి గదులెన్ని, ఏ జిల్లాల నుండి వచ్చిరి, ఎవరెవరు మిగిలిరి అను లెక్కను ఆ వాడవారే కూర్చుండి తెలుగున వ్రాసికొన్నచో, ఈ గ్రంథమున నేను వెదకి కానని ‘మేము’ అందు కనిపించును.