బొబ్బలెక్కిన చేతుల యువరాణి

'యోనా ఆఫ్ ది డాన్' మొదలుపెట్టి రెండో ఎపిసోడ్ దగ్గరే ఆపేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళని పెద్దగా తప్పుపట్టలేం కూడా. కథానాయిక యోనా, కౌకా రాజ్యానికి ఒక్కగానొక్క యువరాణి. పదహారో పుట్టినరోజు వచ్చేసింది. ఆ పిల్లకున్న బెంగలు రెండే. ఒకటి, తన ఎర్రటి ఉంగరాల జుట్టు ఎంత దువ్వినా మాట వినదు. రెండోది, తను మనసుపడ్డ సువోన్ తనని ఇంకా చిన్నపిల్లలాగే చూస్తున్నాడు. ఈ సువోన్ ఆమె పెదనాన్న కొడుకు. మన వరసల్లో అన్నయ్య అయిపోతాడు గానీ ఆ రాజ్యంలో అలాంటి పట్టింపేమీ లేదు. ఇదంతా చూసి, "ఇంకో గారాల పట్టి కథ" అనుకుని లాప్‌టాప్ మూసేయడం సహజమే.

కానీ ఆ గారాలకి పని ఉంది. పుట్టినరోజు రాత్రే సువోన్ ఆమె తండ్రిని చంపేస్తాడు. యోనా కళ్ళారా చూస్తుంది. చిన్ననాటి స్నేహితుడూ అంగరక్షకుడూ అయిన హాక్ ఆమెని కోటలోంచి తప్పించి తీసుకుపోతాడు. మామూలుగా యాక్షన్ కథల్లో ఇక్కడే హీరోయిన్ పిడికిలి బిగించి ప్రతిజ్ఞ చేయాలి. యోనా ఏమీ చేయదు. తిండి మానేసి, ఎటు నడిపిస్తే అటు నడుస్తుంది. అడవిలో ఆమె చేసిన మొదటి సాహసం కూడా విచిత్రమైనదే. సువోన్ ఇచ్చిన జడపిన్ను ఎక్కడో పడిపోయిందని, దాన్ని వెతుక్కుంటూ పాములున్న చోటికి ఒంటరిగా వెళ్తుంది. తండ్రిని చంపినవాడు ఇచ్చిన కానుక కోసం! ఆ పిచ్చితనాన్ని దాచకుండా చూపించినందుకే నాకు ఈ సిరీస్ మీద నమ్మకం కలిగింది.

మిజుహో కుసనాగి ఈ మాంగాని 2009లో 'హనా తో యుమే' పత్రికలో మొదలుపెట్టారు. అది షోజో పత్రిక, అంటే ప్రధానంగా అమ్మాయిల కోసం వచ్చేది. 'నరుతో' తీసిన స్టూడియో పియెరోనే దీన్ని కజుహిరో యొనెదా దర్శకత్వంలో 24 ఎపిసోడ్ల అనిమేగా తీసింది. 2014 అక్టోబర్ నుంచి 2015 మార్చి దాకా ప్రసారమైంది.

అనిమేలో 'ఆవేశపరురాలైన హీరోయిన్' అనగానే మనకొక మూస గుర్తొస్తుంది. చీటికీ మాటికీ అరుస్తుంది, హీరోని ఫెడేల్మని కొడుతుంది, క్లైమాక్స్‌కి వచ్చేసరికి అతను కాపాడితే సిగ్గుపడుతుంది. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు పోయిందో ఎవరికీ పట్టదు. యోనా కోపం అలాంటిది కాదు. అది ఆలస్యంగా పుడుతుంది, పుట్టాక పని వెతుక్కుంటుంది.

అది పుట్టిన క్షణం కొండ అంచున వస్తుంది. విషపు బాణం తగిలి హాక్ లోయ అంచున వేలాడుతుంటాడు. అగ్ని తెగ నాయకుడి కొడుకు తేజున్ యోనా జుట్టు పట్టుకుని వెనక్కి లాగుతుంటాడు. చేతికందిన కత్తితో ఆమె ఆ జుట్టునే తెగ్గోసుకుని హాక్ వైపు పరిగెత్తుతుంది. ఉదయపు రంగు అని సువోన్ మెచ్చుకున్న జుట్టు అది. మొదటి ఎపిసోడ్‌లో ఆ జుట్టు గురించిన సణుగుడుని చిరాగ్గా భరించినవాళ్ళకి, ఇక్కడ ఏం తెగిందో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయినా నన్ను కట్టిపడేసింది ఈ సీన్ కాదు, దీని తర్వాత వచ్చే రాత్రులు. యోనా హాక్‌ని విలువిద్య నేర్పమంటుంది. అతను ఒప్పుకోడానికి నలిగిపోతాడు. రాజు ఇల్ జీవితమంతా ఆయుధం ముట్టనివాడు, కూతుర్ని ముట్టనివ్వనివాడు. విల్లు పట్టడమంటే పోయిన తండ్రి మాట దాటడమే. ఆమె దాటుతుంది. పగలంతా అందరితో నడిచి, రాత్రి మిగతావాళ్ళు పడుకున్నాక లేచి, చెట్టుని గురిచూసి బాణాలు వేస్తుంది. చేతులు బొబ్బలెక్కుతాయి. గురి మాత్రం తప్పుతూనే ఉంటుంది.

ఇలాంటి చోట అనిమేలకి ఒక దగ్గరిదారి ఉంది. జోరైన పాట, నాలుగు షాట్లు, కారే చెమట, చివరికి గురి కుదిరిన బాణం. రెండు నిమిషాల్లో విద్య వచ్చేస్తుంది. ఇక్కడ సాధన అలా ఒక ముక్కగా రాదు. వేరే కథ నడుస్తున్నప్పుడు, ఎవరికో మెలకువ వచ్చినప్పుడు, పక్కన ఆమె లేకపోవడంగా కనిపిస్తుంది. మనం చూడని రాత్రులు ఇంకెన్నో ఉన్నాయని అర్థమవుతుంది.

హాక్ ఆమెని పిలిచే తీరు కూడా గమనించాలి. జపనీస్‌లో యువరాణిని 'హిమె-సమా' అనాలి. అతను చాలాసార్లు 'హిమె-సాన్' అంటాడు. 'యువరాణీ వారు' అనాల్సిన చోట కాస్త ఆటపట్టిస్తూ 'యువరాణిగారూ' అన్నట్టన్నమాట. అంతలా ఏడిపించేవాడు, ఆమె చీకట్లో బాణాలు వేస్తుంటే మాత్రం మాట్లాడకుండా చూస్తాడు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో పిలుపు తేడా పోయినా, ఆ మౌనం మిగులుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ కష్టమంతా నిజంగా అవసరమా? కథ ప్రకారం కౌకాని స్థాపించింది హిర్యూ అనే ఎర్ర డ్రాగన్, మనిషిగా దిగివచ్చినవాడు. అతనికి తోడున్న నలుగురు యోధుల్లో డ్రాగన్ల రక్తం తరతరాలుగా పారుతోంది. యోనా ఎర్రజుట్టు ఊరికే ఎర్రగా లేదు. తెల్ల డ్రాగన్ వారసుడు కిజా ఆమెని చూడగానే మోకరిల్లుతాడు. ఆమె అప్పటికి ఏం సాధించిందని? ఏమీ లేదు. రక్తం పిలిచింది, అంతే. పుట్టుకతోనే అన్నీ రాసిపెట్టి ఉంటే ఆ బొబ్బలు అలంకారం కిందే లెక్క. ఫాంటసీ కథలకి ఉన్న పాత జబ్బిది. కష్టపడితే ఎవరైనా పైకొస్తారని చెబుతూనే, చివర్లో వంశవృక్షం బయటకి తీస్తాయి.

ఈ సిరీస్ ఆ జబ్బుని పూర్తిగా వదిలించుకోలేదు, కానీ దానితో గొడవపడింది. ఆ గొడవ పేరు జెయ్‌హా, ఆకుపచ్చ డ్రాగన్. అవా రేవులో సముద్రపు దొంగలతో కలిసి బతుకుతున్న అతనికి రక్తబంధం అంటేనే ఒళ్ళుమంట. యోనా ఎదురైనప్పుడు లోపల రక్తం లాగుతుంది, అయినా లొంగనంటాడు. ఆ దొంగల నాయకురాలు గీగన్ అనే ముసలావిడ. ఆమెకి యువరాణులతో పనిలేదు. కొండ అంచున మొలిచే మందుమొక్క తెమ్మని, అదీ హాక్, కిజాల సాయం లేకుండా తెమ్మని యోనాకి పరీక్ష పెడుతుంది. పాదం పట్టనంత దారి, కింద సముద్రం, మీదకొచ్చే అలలు. యోనా వణుకుతూ, ఏడుపు మింగుకుంటూ వెళ్తుంది. వెంట వెళ్ళిన జెయ్‌హా ఇదంతా చూస్తాడు. రక్తం చేయలేని పని ఆ వణుకు చేస్తుంది. చివరికి అతను వెంట నడిచేది తన ఇష్టంతోనే.

అదే అవాలో అమ్మాయిలని అమ్ముకునే కుమ్‌జీ అనే అధికారి ఉంటాడు. యోనా, ఆడవేషం వేసిన యూన్ కలిసి ఎరగా లోపలికి వెళ్తారు. ఆఖరికి పడవలో పారిపోతున్న కుమ్‌జీని యోనా బాణమే పడగొడుతుంది. అన్ని రాత్రులు చెట్లకి తగిలిన బాణం మొదటిసారి మనిషికి తగిలింది. నేర్చుకున్న విద్య దేనికి పనికొస్తుందో సిరీస్ మెత్తగా చెప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. సువోన్ చెడ్డ రాజు కాదు. బలహీనపడ్డ రాజ్యాన్ని నేర్పుగా నిలబెడుతుంటాడు. దారిలో ఆకలితో ఉన్న ఊళ్ళని చూసే కొద్దీ తండ్రి పాలన ఎంతమందిని వదిలేసిందో యోనాకి తెలుస్తుంది. పగ ఒక్కటే అయితే ఆమె కోపం ఇక్కడ చల్లారిపోవాలి. చల్లారదు, దిశ మారుతుంది. చివా సైతో గొంతులో కూడా ఆ మార్పు వినిపిస్తుంది. మొదటి ఎపిసోడ్ కీచుదనం మెల్లగా తగ్గి, అవా దగ్గరికి వచ్చేసరికి ఆమె తక్కువ మాటలతో, కిందిస్థాయిలో మాట్లాడుతుంది.

లోపాలు లేవని కాదు. చుట్టూ అందమైన మగపిల్లల గుంపు, ఉద్విగ్నమైన సన్నివేశం మధ్యలో కార్టూన్ ముఖాల హాస్యం అప్పుడప్పుడు విసిగిస్తాయి. పెద్ద పోరాటాల్లో ఇప్పటికీ హాక్‌దే పైచేయి. నాలుగో డ్రాగన్ జెనో కలవగానే సీజన్ అయిపోతుంది, అసలు కథ మాంగాలో మిగిలిపోతుంది. కానీ ఒకటి ఆలోచించండి. 24 ఎపిసోడ్ల తర్వాత కూడా యోనా గొప్ప విలుకత్తె కాదు. పర్వాలేదు అనిపించే స్థాయికి వచ్చింది, అంతే. అంత సేపు నడిచిన యాక్షన్ సిరీస్ తన నాయికని అక్కడ ఆపడానికి ధైర్యం కావాలి.

రెండో ఎపిసోడ్ దగ్గర ఆపేసినవాళ్ళు ఇంకోసారి ప్రయత్నించండి. అవా రేవు దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మొదటి ఎపిసోడ్ ఆరంభం మళ్ళీ చూడండి. కురచ జుట్టుతో యోనా, వెనక ఆమె మనుషులు, ఒక్క నిమిషం భవిష్యత్తు. మొదటిసారి అది మామూలు హీరో పోజులా ఉంటుంది. రెండోసారి నా కళ్ళు ఆమె చేతుల మీదకే పోయాయి.