ఫిర్యాదు మానుకున్న వ్యాపారి

బ్రెఖ్ట్ నాటకం 'మదర్ కరేజ్' గురించి అభ్యుదయవాదుల మధ్య ఒక పాత తగాదా వుంది. యుద్ధంలో ముగ్గురు బిడ్డల్నీ పోగొట్టుకున్న మనిషి చివరికైనా బుద్ధి తెచ్చుకోవద్దా అని జర్మన్ నాటకకర్త ఫ్రీడ్రిష్ వోల్ఫ్ 1949లో అడిగాడు. ఆమె నేర్చుకోకపోయినా ప్రేక్షకుడు నేర్చుకుంటే చాలునని బ్రెఖ్ట్ జవాబు. మంచిదే. కాని ప్రేక్షకుడు నేర్చుకునేది ఏమిటి? నాలుగో రంగం విషయంలో తరచు వినవచ్చే సమాధానం ఇది: పొట్టి కోపం పనికిరాదు, కోపం పొడుగుదై వుండాలి. ఇది సగం నిజమే.

రంగంలో జరిగేదేమిటో చూద్దాం. కాలం ముప్పయ్యేళ్ల యుద్ధం (1618–48). కరేజ్ సైన్యం వెంట బండి తోలుకు తిరుగుతూ సరుకులమ్మే వ్యాపారి. గెలిచిన పక్షం సైనికులు ఆమె సరుకంతా కత్తులతో చీల్చి పాడుచేసి, పైగా జరిమానా కూడా వేశారు. పై అధికారి గుడారం ముందు ఫిర్యాదు చెయ్యటానికి నిలబడింది. ఇంతలో ఒక కుర్ర సిపాయి మండిపడుతూ వస్తాడు. తనకు రావలసిన బహుమానం డబ్బు కెప్టెన్ తాగేశాడట. నీ కోపం ఎంతసేపుంటుంది అని ఆమె వాణ్ణి అడిగి, లొంగిపోవటం గురించి పాట పాడుతుంది. వాడు తిట్టుకుంటూ పోతాడు. ఆమె కూడా ఫిర్యాదు మానుకుంటుంది.

ఈ పాట మీద వ్యాఖ్యానాలకు కొదవలేదు. పాటకు ముందున్న సంగతుల్ని మాత్రం చాలామంది దాటిపోతారు. అంతకు ముందు రంగంలోనే ఆమె చిన్న కొడుకును కాల్చి చంపారు. లంచం బేరం దగ్గర ఆమె ఆలస్యం చేసింది. తీరా శవాన్ని తెచ్చి చూపితే, తన ప్రాణం కోసం, ఎవరో తెలియదన్నది. అందుచేత ఇప్పుడు గుడారం ముందు ఆమె అడగగలిగింది సరుకుల నష్టమే. కొడుకు మాట ఎత్తితే తానే దొరికిపోతుంది. నష్టపరిహారం అడిగే మనిషి నోట్లోంచి అసలు నష్టాన్ని ముందే లాగేసుకోవటం దోపిడీదారుకు ఎప్పుడూ తెలిసిన విద్యే.

ఆ విద్య అక్కడి గుమాస్తాకు కూడా తెలుసు. నువ్వు శత్రుపక్షం ఖజానా మనిషిని దాచినదానివి, నోరు మూసుకోవటం మంచిదని అతను ముందే సలహా చెబుతాడు. మా దగ్గర వ్యాపారులు తక్కువ, అప్పుడప్పుడు జరిమానా కట్టుకుంటూ వుంటే నీ వ్యాపారం సాగనిస్తామని కూడా అంటాడు. ఆమెను వెనక్కి తిప్పింది పాటలోని తత్వమా, ఈ గుమాస్తా చూపించిన లెక్కా? నా దృష్టిలో లెక్కే. పాట ఆ లెక్కకు తొడిగిన చొక్కా.

మరొకటి. సిపాయితో మాట్లాడుతూ ఆమె పోయినేటి సంగతి ఒకటి అంటుంది. సేనాని తన దండును రోడ్డు దింపి పొలాలకడ్డంగా నడిపించి పైరు తొక్కించాడు, ఈయేడు అతనూ అక్కడే వున్నాడు, కరువూ అక్కడే వుంది. పైరు పోయిన రైతు గుడారం ముందు లేడు. అక్కడ ఫిర్యాదుకు నిలబడ్డవాళ్లిద్దరూ యుద్ధం మీద బతికేవాళ్లే!

ఇక కోపం పొడుగుదైతే ఏమవుతుందో చూడాలంటే నాటకం వదిలి మన కాలానికి రావాలి. 1941 డిసెంబరు 25న హాంకాంగ్ జపాన్ సైన్యం వశమైంది. అక్కడ దోపిడీకి కాగితాన్ని కూడా వాడారు. జనం దగ్గర డాలర్లు తీసుకుని 'సైనిక యెన్' నోట్లిచ్చారు. మొదట యెన్‌కు రెండు డాలర్లు, 1942లో నాలుగు. 1943 జూన్‌లో డాలరు దగ్గర వుంచుకోవటమే నిషిద్ధమైంది. 1945లో జపాన్ ఓడిపోగానే ఆ నోట్లు చెల్లవన్నారు. 1951 శాన్ ఫ్రాన్సిస్కో ఒప్పందంలో, హాంకాంగ్‌ను ఏలుతున్న బ్రిటన్ తన ప్రజల తరఫున కూడా జపాన్ మీద హక్కులు వదులుకున్నది. సొమ్ము ఒకరిది, త్యాగం మరొకరిది. బాధితులు 1968లో సంఘం పెట్టుకున్నారు, 1993లో 17 మంది టోక్యో కోర్టుకెక్కారు. 1999 జూన్‌లో తీర్పు వచ్చింది: బాధ నిజమే, పరిహారం ఇప్పించే చట్టం లేదు.

1907 హేగ్ ఒప్పందంలో దోపిడీ నిషేధం వుంది, ఉల్లంఘించిన రాజ్యం పరిహారం చెల్లించాలనీ వుంది. అది రాజ్యానికీ రాజ్యానికీ మధ్య సంగతే తప్ప మనిషి అడగటానికి కాదని జపాన్ కోర్టులు అర్థం చెబుతూ వచ్చాయి. అర్ధ శతాబ్దం నిలిచిన కోపం, సంఘం పెట్టుకున్న కోపం కూడా ఆ గుమ్మం దగ్గర ఆగింది. అయితే వాళ్లు కరేజ్‌లాగా వెనక్కి తిరగలేదు; బాధ నిజమని కోర్టు చేత రాయించారు. వాళ్లు కరేజ్ కంటే గొప్పవాళ్లని కాదు. ఆమెకు రేపు అమ్ముకోవలసిన సరుకుంది, వాళ్ల చేతిలో వున్నవి చెల్లని నోట్లు.

ఈ రంగంలో ఉన్నంత పతనం కరేజ్‌లో మరెక్కడా లేదని బ్రెఖ్ట్ స్వయంగా రాశాడు. ఆ పతనం మనిషిది అనేకంటే ఆమె వర్గానిది అనీ అన్నాడు. దాన్ని ప్రేక్షకుడికి చూపించగలిగేది గుమాస్తా పాత్రే. నాటకం ఆడే విద్యార్థులు ఆ వేషాన్ని మిగిలిపోయిన కుర్రవాడికి ఇవ్వకూడదు. క్రూరుడుగా అరిపించనూ కూడదు, అతను స్నేహంగా మాట్లాడాలి. పాట అయ్యాకనే అతను తల బయటపెట్టి, అధికారి వచ్చాడు, ఇప్పుడు ఫిర్యాదు చేసుకోవచ్చునంటాడు. మానుకున్నానని ఆమె చెప్పినప్పుడు అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించకూడదు.