కుంకుడు రసంలోని పనితనం

కుంకుడుకాయ నురగనిస్తుందని చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆ రసం తీసే పనిలో ఎంత తెలివి ఉందో మాత్రం పరిశోధన చదివితే ఇంకా బాగా బోధపడుతుంది. నురగకు మూలమైన సాపోనిన్లు దండిగా ఉండేది కాయ పెచ్చులో, నల్లటి గింజలో కాదు. కాయను చితక్కొట్టి, గింజ ఏరేసి, పెచ్చుల్ని వేణ్ణీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టే మన ఆడవాళ్ల పద్ధతి సరిగ్గా ఆ సారాన్నే రాబడుతుంది. సాపోనిన్ అణువు ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకుంటుంది. పైగా సబ్బుది క్షారగుణమైతే ఈ రసానిది కాస్త ఆమ్లగుణం. పట్టు, ఉన్ని క్షారానికి దెబ్బతింటాయి కనుక పట్టుచీరను కుంకుడు రసంలో జాడించడం చాదస్తం కాదు, రసాయనశాస్త్రం. కంసాలి నగను కుంకుడు నీళ్లలో నానబెట్టి కుంచెతో రుద్దేదీ జిడ్డును వదిలించే ఈ రసం గుణాన్ని నమ్ముకునే.

కళ్లు మండుతాయి కదా అంటారు. నిజమే. సాపోనిన్లు జీవకణాల పొరల్ని సైతం దెబ్బతీస్తాయి, చేపలకైతే విషమే. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన హాని లేనిదని వాదించను. అయితే ఆ ఘాటునే పనికి పెట్టి, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ హిమాలయ ప్రాంతపు కుంకుడు సాపోనిన్లతో గర్భనిరోధక క్రీము రూపొందించింది. రసం నిలవుండదన్నది రెండో అభ్యంతరం. ఎండిన పెచ్చులు నిలవుంటాయి. వాడే పూటకే నానేయండి, తలంటేటప్పుడు పిల్లల్ని కళ్లు గట్టిగా మూసుకోమనండి.