వారమునకు ఒక్కనాటి బడి

ఉత్తర కరొలీనా మొదలు టెక్సస్ వఱకు అమెరికాలోని అనేక పట్టణములలో, ఆదివారము ఆరాధన జరుగు చర్చిభవనములు వారమధ్యమున ఒకానొక దినమున పాఠశాలలుగా మాఱుచుండును. ఉదయమున తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని, భోజనపు డబ్బాలతో, కొందఱు చంకలో పసిబిడ్డలతో వచ్చి చేరుదురు. ఎనమండ్రకు మించని పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టి, ఆ తల్లులలోనే ఒకరు తెల్లబల్లమీద ఆ వారపు చరిత్రవాక్యమును వ్రాసి, వారిచేత ఎలుగెత్తి చదివించి, ఒక్కొక్క మాటను తుడిచివేయుచు మరల మరల చెప్పింతురు. బల్ల ఖాళీయగునప్పటికి వాక్యము పిల్లల నోట నిలిచియుండును. అటుపిమ్మట లాటిన్ నామవాచకముల విభక్తిప్రత్యయములు వచ్చును: ఒకమారు బిగ్గరగా, ఒకమారు గుసగుసగా, ఒకమారు ఒంటికాలిపై నిలిచి. రామశబ్దముతో సంస్కృతాభ్యాసము నారంభించిన మన పెద్దలు ఆ గదిలోనికి తొంగిచూచినచో, భాష తప్ప తక్కినదంతయు తాము ఎఱిగినదే యని నవ్వుకొందురు.

ఈ విధానమును నడపు సంస్థ క్లాసికల్ కాన్వర్సేషన్స్. విమాన, అంతరిక్ష ఇంజనీరింగు చదివి, తన కుమారులకు ఇంటనే విద్య గఱపుచుండిన లీ బోర్టిన్స్ అను నామె 1997లో ఉత్తర కరొలీనాలో దీనిని ప్రారంభించెను. బిడ్డలను ఇందులో చేర్పింపవలయునా వలదా యని తర్కించుకొను తల్లిదండ్రులు పాఠ్యపుస్తకముల పట్టికను చూచుటకు ముందే ఒక సంగతి గ్రహింపవలసి యున్నది. వారమునకు ఒక్కనాడు జరుగు ఈ సమావేశమే చదువు కాదు. తక్కిన దినములలో ఇంట జరుగవలసిన చదువునకు అది నమూనా. చిన్నతరగతుల బిడ్డలను దింపి వెళ్ళిపోవుటకు వీలులేదు; తల్లియో తండ్రియో గదిలో వెనుక కూర్చుండి, ట్యూటరుగా నున్న తల్లి ఏమి చేయుచున్నదో చూచి, మఱునాడు వంటింటి బల్లయొద్ద తాము చేయవలయును. కావున ఈ బడిలో మొట్టమొదటి విద్యార్థి తల్లియే యని నా యభిప్రాయము. దీని గుణదోషములన్నియు ఈ యేర్పాటునుండియే పుట్టుచున్నవి.

పద్ధతికి మూలమైన భావము మాత్రము అమెరికాలో పుట్టినది కాదు. అపరాధపరిశోధక నవలలతో ప్రసిద్ధికెక్కి, అప్పటికే డాంటే మహాకావ్యమును ఇంగ్లీషులోనికి అనువదించుచుండిన డొరొతీ సేయర్స్ 1947లో ఆక్స్‌ఫర్డునందు ఒక ఉపన్యాస మిచ్చెను. నేటి పిల్లలకు విషయములు బోధించుచున్నాము గాని ఆలోచించు ఉపాయమును నేర్పుట లేదని ఆమె ఆక్షేపము. మధ్యయుగములనాటి వ్యాకరణ, తర్క, వక్తృత్వములనెడి మూడు విద్యలను ఆమె బాలుని వయస్సులోని మూడు దశలతో జోడించెను: విన్నదానిని చిలుకవలె మరల పలుకుటయందు ఆనందించు దశ, పెద్దలమాటకు ఎదురుప్రశ్న వేయు దశ, తన భావమును తనదైన వాక్కుతో ప్రకటింపగోరు దశ. ఆ ఉపన్యాసమే నేడు అమెరికాలోని క్లాసికల్ క్రైస్తవ విద్యోద్యమమున కంతటికి పునాదిరాయి.

ఆ జోడింపు చమత్కారమైనదే గాని చరిత్ర దానిని సంపూర్ణముగా సమర్థింపదు. పూర్వులకు ఇవి మూడు శాస్త్రములే గాని మూడు వయస్సులు కావు. ఒకటవ శతాబ్దపు రోమను విద్యాచార్యుడగు క్వింటిలియన్, వ్యాకరణము నేర్చుచున్న పసివాడే ఈసపు కథలను సొంతమాటలలో తిరిగి చెప్పవలెనని కోరెను. అనగా వల్లెవేయుటయు వివరించుటయు ఒకేయేట నడువవలయునన్నమాట. సేయర్సు సయితము తాను బాలబోధలో అనుభవజ్ఞురాలనని చెప్పుకొనలేదు. చిలుకదశలో నున్న బిడ్డకు అర్థముతో పనిలేదని ఎవరైన ఆ ఉపన్యాసమును అడ్డుపెట్టుకొని వాదించినచో, తల్లిదండ్రులు ఆ వాదమును అంగీకరింపనక్కఱలేదు.

నాలుగవయేట మొదలుకొని పండ్రెండవయేటి వఱకు సాగు మొదటి ఘట్టమునకు ఫౌండేషన్స్ అని పేరు. ఏడాదికి ఇరువదినాలుగు వారములు. మూడేండ్లకు ఒక ఆవృత్తి. ఒకయేడు ప్రాచీనప్రపంచము, మఱుయేడు మధ్యయుగము మొదలు ఆధునికకాలము వఱకు, మూడవయేడు అమెరికా చరిత్ర. పిదప మరల మొదటికి. చరిత్ర, భూగోళము, విజ్ఞానము, గణితము, లాటిన్, ఇంగ్లీషు వ్యాకరణము, వీనితోబాటు లోకచరిత్రలోని 161 ఘట్టములను వరుసతప్పక హస్తాభినయముతో పాడు కాలక్రమగీతము: ఇదియంతయు కంఠస్థము. ఎక్కములు పదునైదింటివఱకు రాగములలో పాడుదురు. చిత్రలేఖనము, పిల్లనగ్రోవి, చిన్నచిన్న ప్రయోగములు కూడ కలవు గాని అవి పైపూత. నాకు మెచ్చదగినదిగా తోచినది వేఱొకటి. నాలుగేండ్ల పసిబిడ్డతో సహా ప్రతివారును ప్రతివారము తోటివారియెదుట నిలిచి రెండుమూడు నిమిషములు మాటలాడవలయును. బొమ్మ తెచ్చి చూపినను సరియే, తాతగారి ఊరిని గూర్చి చెప్పినను సరియే. ఇట్లు ఎనిమిదేండ్లు మాటలాడిన బిడ్డకు సభాకంపము ఉండునా?

కంఠస్థవిద్యను గర్హించుట నేటి నాగరికతలో ఒక భాగమైనది. పసితనమున ధారణశక్తి తీక్ష్ణముగా నుండునన్నది మన వీధిబడి పంతుళ్ళు ఎఱిగిన సత్యమే, దానిని వ్యర్థపుచ్చుట వివేకము కాదు. ఐనను ఇందులో ఒక గోతి యున్నది. 1517లో లూథరు తన సిద్ధాంతములను ప్రకటించెనని ఏడేండ్ల బాలిక తడబడక పాడును. డబ్బు పుచ్చుకొని పాపపరిహారపత్రములు అమ్ముచుండిరనియు, రోమునందలి మహాదేవాలయ నిర్మాణమునకు ఆ ధనములో కొంత చేరుచుండెననియు, ఒక సన్న్యాసికి అది ఎందులకు కోపకారణమయ్యెననియు ఆ పాట చెప్పదు. అది చెప్పవలసినవారు ఇంటిలో నున్నారు. గ్రంథాలయమునుండి కథాపుస్తకములు తెచ్చి రాత్రివేళ చదివి వినిపించు ఇంట ఆ వాక్యము కొక్కెమువలె పనిచేసి, తరువాత విన్నదానినంతయు తగిలించుకొనును. వాక్యముతోనే సరిపెట్టుకొను ఇంట వసంతకాలపు పరీక్ష ముగియగానే అది రాలిపోవును.

మధ్యాహ్నమున నాలుగవ తరగతి మొదలు ఆఱవ తరగతి యీడు పిల్లలకు ఎసెన్షియల్స్ అను ఘట్టము జరుగును. నా దృష్టిలో సంస్థ కంతటికి ఇదియే మణిపూస. బ్రూక్లిన్‌లో ఉపాధ్యాయులుగా నుండిన రీడ్, కెలాగ్ అనువారు 1877లో ప్రచారమునకు తెచ్చిన వాక్యరేఖాచిత్రములను ఇందు అభ్యసింతురు. అడ్డముగా ఒక గీత గీసి, దానిపై ఎడమవైపున కర్తను, కుడివైపున క్రియను వ్రాసి, రెంటినడుమ గీతను క్రిందిదాక ఖండించు నిలువుగీతను గీయుదురు. క్రియకు కర్మ యున్నచో వానినడుమ నిలుపు గీత పైననే ఆగిపోవును. విశేషణములు తమ విశేష్యముక్రింద ఏటవాలుగీతలపై వ్రేలాడుచుండును. వాక్యప్రయోజనములు నాలుగు, నిర్మాణములు నాలుగు, క్రియాకారక సంబంధముల నమూనాలు ఏడు. వీనిని గుణించి 112 విధములగు వాక్యములు ఏర్పడునని పిల్లలు లెక్కగట్టి, ఎదుటనున్న వాక్యము ఏ కోవకు చెందినదో వాదించుకొందురు. వ్యాకరణము ఇట్లు చదరంగమై కూర్చున్నచో పదేండ్ల పిల్లవాడు గడియారమువంక చూడడు. దీనికి జంటగా నేర్పు రచనావిధానము, ప్రతివాక్యమునుండియు మూడు మాటలకు మించక ఏఱుకొని పుస్తకము మూసి తిరిగి వ్రాయించుట వఱకు దివ్యముగా నున్నది; కాని ప్రతి పేరాలోను ఇన్ని క్రియావిశేషణములు, ఇన్ని ఉపవాక్యములు చేరవలెనను నియమపట్టిక మాత్రము పిల్లల వచనమును అనవసరపు నగలతో బరువెక్కించును.

పండ్రెండేండ్లకు ఛాలెంజ్ అను ఘట్టము ఆరంభమగును, అందు ఆఱు మెట్లు. మొదటిమెట్టున పిల్లవాడు ఖాళీకాగితముపై ప్రపంచపటమును జ్ఞాపకమునుండి గీసి దేశములను, రాజధానులను గుర్తింపవలయును; రెండవమెట్టున కృత్రిమ న్యాయవిచారణలో న్యాయవాదిగను సాక్షిగను నిలువవలయును; చివరిమెట్టున సిద్ధాంతవ్యాసమును వ్రాసి దానిని సభయందు సమర్థించుకొనవలయును. ఇచ్చట ఒకే ట్యూటరు లాటిన్ మొదలు గణితము వఱకు అన్నిటిని నడపుట నియమము. విద్యలన్నియు ఒకదానితో నొకటి ముడిపడియున్నవని చూపుట దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదే, కాని బీజగణితమునందు తడబడు పిల్లవానికి కావలసినది చర్చ కాదు, లెక్క తెలిసిన మనిషి. ఆ మనిషి ఇంటలేనిచో వేఱుగా వెదకుకొనవలసినదే.

మతవిషయమున సంస్థ దాపఱికము చేయదు. కాలక్రమగీతము సృష్టితో, ఆదిమపతనముతో, జలప్రళయముతో మొదలై, అదే వరుసలో ఐగుప్తీయులను, గ్రీకులను చేర్చుకొనును. ట్యూటర్లు విశ్వాసప్రమాణమును అంగీకరింపవలయును. గుంటూరు లూథరన్, నెల్లూరు బాప్టిస్టు మిషన్ల బడులలో చదువుకొనిన తాతల మనుమలు అమెరికాలో ఇట్టి సమావేశమునకు పోయినచో వాతావరణము పరాయిగా తోపకపోవచ్చును. కతోలిక కుటుంబమునకు అచ్చటచ్చట సవరణలు అవసరమగును. క్రైస్తవేతరులు లాటిన్‌మీది మోజుతో చేరి, తరువాత బైబిలును గూర్చి నొచ్చుకొనుట న్యాయము కాదు.

రుసుము ఒకచోట చెల్లించునది కాదు. స్థానిక డైరెక్టరు సంస్థ అనుమతితో సొంతవ్యాపారముగా ఈ వారపు బడిని నడపును గనుక బోధనరుసుము ఆమెకు, నమోదురుసుము సంస్థకు, భవనపు ఖర్చునకు కొంత, పుస్తకములకు వేఱు. బిడ్డలు ముగ్గురైనచో మొత్తము ముందుగనే కూడి చూచుకొనుట మేలు. చట్టమును ఈ సంస్థ మీకై పాటింపదు. ఉత్తర కరొలీనాలో తల్లిదండ్రులు ప్రభుత్వమునకు తెలియజేసి, ఏటేట ప్రామాణికపరీక్ష పెట్టింపవలయును. న్యూయార్కులో మూడునెలల కొకమారు నివేదిక పంపవలయును. టెక్సస్‌లో దాదాపు ఏమియు అక్కఱలేదు. భర్త ఉద్యోగవీసాతో వచ్చి హెచ్-4 హోదాలో నున్న తెలుగు తల్లులకు ఒక హెచ్చరిక: సొంతబిడ్డకు ఇంట చదువు చెప్పుటకు అడ్డులేదు గాని, పని అనుమతిపత్రము లేనిదే వేతనము పుచ్చుకొని ట్యూటరుగా నుండుట తగదు, ట్యూటరై బిడ్డల రుసుమును తగ్గించుకొందమను లెక్క వారికి సాగదు. స్వదేశమునకు తిరిగివచ్చు తలంపున్నవారు ఇంకొకటి కూడ చూచుకొనవలయును. అమెరికా కళాశాలలు తల్లి తయారుచేసిన మార్కులపట్టికను స్వీకరించుట వాడుకయే గాని, భారతదేశమున ఇంజనీరింగు, వైద్య ప్రవేశపరీక్షలకు గుర్తింపుపొందిన బోర్డు పరీక్ష లేక తత్సమానమైనది కావలయును.

చంటిబిడ్డయు నిద్రలేమియు గల తల్లికి, ఇరువురును ఉద్యోగము చేయు దంపతులకు, చదివి వినిపించుటయందే విసుగుగల ఇంటికి దీనిని నేను సిఫారసు చేయను. ఎంతటి పాఠ్యక్రమమైనను వారికి అపరాధభావమునే మిగుల్చును. తక్కినవారు ప్రదర్శనకై పిలుచు సభకు పోవుటతో తృప్తిపడక, మామూలు దినమున ఒకనాడు ఉదయమునుండి సాయంత్రము వఱకు కూర్చుండవలయును. పసివారి పాటలు ఎవరినైన ఆకర్షించును; చూడవలసినది మధ్యాహ్నము రెండుగంటలకు ఛాలెంజ్ గదిలో పిల్లలు ప్రశ్నలు అడుగుచున్నారో, కునుకుచున్నారో. డైరెక్టరును అడుగవలసిన ప్రశ్నలు రెండు: తాను ఈ పనిలో ఎన్నేండ్లనుండి యున్నది, నిరుడు ఎందఱు విడిచిపోయిరి. విడిచిపోయినవారిలో ఒకరి ఫోను నంబరు దొరికినచో నమోదుపత్రమును నింపుటకు ముందే వారితో తీఱికగా మాటలాడుట మంచిది.