నీళ్ళ మీది చెయ్యి

2025 అక్టోబర్ 31న 'బాహుబలి' రెండు భాగాలనూ కలిపి 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో ఒకే సినిమాగా విడుదల చేశారు. నిడివి సుమారు 3 గంటల 45 నిమిషాలు. రెండు సినిమాలు ఒకటి కావాలంటే కోత తప్పదు. ఏమేం తీసేశారో విడుదలకు ముందే దర్శకుడు రాజమౌళి చెప్పారు. శివుడు, అవంతికల ప్రేమకథ, దాని చుట్టూ ఉన్న పాటలు, కొంత యుద్ధం. కథ నడవడానికి ఏది అవసరమో అది ఉంచి, లేకపోయినా నడిచేది తీశామన్నది ఆ మాటల సారాంశం.

నాకు ఈ జాబితా ఆసక్తిగా అనిపించింది. ఎందుకంటే 2015 జులై 10న మొదటి భాగం వచ్చినప్పుడు ఆడవాళ్ళం ఆ సినిమా గురించి ఎక్కువగా వాదించుకున్నది సరిగ్గా ఈ ప్రేమకథ గురించే. గుర్తుంది కదా? అవంతిక తిరుగుబాటు దళంలో యోధురాలు. మాహిష్మతిలో పాతికేళ్ళుగా గొలుసులతో కట్టి ఉంచిన దేవసేనను విడిపించడమే ఆ దళం లక్ష్యం. అలాంటి మనిషి నీళ్ళలో చెయ్యిపెట్టి సేదతీరుతుంటే శివుడు నీటి అడుగునుంచి వచ్చి, ఆమెకు తెలియకుండా ఆ చేతిమీద బొమ్మ వేసి పోతాడు. ఇంకోసారి భుజం మీద వేస్తాడు. వేసినవాడిని పట్టుకోవడానికి వచ్చిన ఆమెతో కలబడి, జుట్టు విప్పి, బట్టలు సడలించి, అడవిలో దొరికినవాటితో పెదాలకు రంగు, కళ్ళకు కాటుక దిద్ది, ఆమెను ఆమెకే చూపిస్తాడు. ఆమె మురిసిపోతుంది.

దీన్ని అత్యాచారమనే పిలవాలని అన్నా ఎం.ఎం. వెట్టికాడ్ ఇంగ్లీషులో రాసిన వ్యాసం అప్పట్లో పెద్ద దుమారం లేపింది. దర్శకుడు ఒప్పుకోలేదు. ఆ పాత్ర వేసిన తమన్నా కూడా ఒప్పుకోలేదు. ఆ పేరు పెట్టాలా వద్దా అన్న వాదనలోకి నేనిప్పుడు వెళ్ళడం లేదు. నన్ను పట్టుకున్నది ఇంకొకటి. భారీ సినిమాలు ఎలా తీశారో చూపించే మేకింగ్ వీడియోలు మనం చాలా చూశాం. నా దృష్టిలో ఆ సన్నివేశమే ఒక మేకింగ్ వీడియో. మట్టి, చెమట, కత్తి ఉన్న ఒక మనిషిని తీసుకుని 'ఆడది'గా ఎలా తయారుచేస్తారో అంచెలంచెలుగా చూపిస్తుంది. మేకప్ ఎవరు వేస్తున్నారు, ఎవరు వేయించుకుంటున్నారు, ఎవరి ఇష్టంతో జరుగుతోంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. తయారయ్యాక ఆమె చెయ్యాల్సిన పని అతని చేతికి పోతుంది. దేవసేనను తీసుకురావడానికి శివుడే బయల్దేరతాడు.

2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగంలో అవంతిక ఆఖరి యుద్ధంలో ఎక్కడో కాసేపు మెరిసి మాయమవుతుంది. 2025 కోతలో ప్రేమకథతోపాటు మిగిలిన అవంతికలో చాలాభాగం పోయింది. మనం తప్పుపట్టిన సన్నివేశం పోయినందుకు సంతోషించాలేమో. కానీ అది విమర్శకు జవాబుగా పోలేదు, నిడివి కోసం పోయింది. ముందు ఆమె పని తీసుకున్నారు, తర్వాత మర్చిపోయారు, చివరికి కోసేశారు. కథ మాత్రం ఆగకుండా నడిచింది.

ఇంతకీ తెరవెనక కథల్లో మనకు ఏం చెప్పారు? 2013 జులైలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాళ్ళ మధ్య చిత్రీకరణ మొదలైనప్పటినుంచి ఆ కథనాలు వస్తూనే ఉన్నాయి. రామోజీ ఫిల్మ్ సిటీలో సాబు సిరిల్ కట్టిన మాహిష్మతి. భల్లాలదేవుడితో తలపడ్డానికి యంత్రంతో చేసిన దున్న. కాలకేయుల కోసం మదన్ కార్కీ సృష్టించిన కిలికిలి భాష, దానికి వందల మాటలు, వ్యాకరణం. ప్రభాస్ మరో సినిమా ఒప్పుకోకుండా ఇచ్చిన ఏళ్ళు, పెంచిన కండలు. ఇవన్నీ నిజంగా శ్రమే, కాదనను. కిలికిలి గురించి మొదట చదివినప్పుడు నాకూ ముచ్చటేసింది. కానీ ఈ శ్రమను వర్ణించే మాటలు చూడండి: యజ్ఞం, తపస్సు, దండయాత్ర. చెమట కనిపించాలి, గాయం కనిపించాలి, ఎత్తిన బరువు ఎన్ని కిలోలో తెలియాలి. అప్పుడే అది తెరవెనక కథ అవుతుంది.

అదే సినిమాకు దుస్తులు రూపొందించింది రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని. లైన్ ప్రొడ్యూసర్ శ్రీవల్లి. ఇలాంటి పెద్ద సినిమాకు లైన్ ప్రొడ్యూసర్ చేసే పనేమిటో చాలామందికి తెలియదు. రేపు ఎవరు రావాలి, ఎంతమంది వస్తారు, వాళ్ళకు బండ్లు ఎక్కడ, భోజనాలు ఎన్ని, ఈరోజు ఎంత ఖర్చయింది, వాన పడితే ఏం చెయ్యాలి అన్నవన్నీ ఆ కుర్చీలోనే తేలాలి. వేలమంది సైనికులకు బట్టలంటే కుట్టిస్తే సరిపోదు. కొత్త గుడ్డను రంగులో ముంచి, రుద్ది, మాపి పాతగా చెయ్యాలి. యుద్ధానికి ముందు బట్ట, మధ్యలో చిరిగిన బట్ట, చివర నెత్తుటి బట్ట విడివిడిగా ఉండాలి. ఏ షాట్‌లో ఏ చిరుగు ఎంతవరకు వచ్చిందో ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. ఇదీ సైన్యాన్ని నడపడమే.

ఈ స్త్రీల పేర్లు దాచిపెట్టారని నేననడం లేదు. టైటిల్స్‌లో ఉన్నాయి, ఇంటర్వ్యూల్లో వాళ్ళ ప్రస్తావన వస్తుంది. కానీ ఎలా వస్తుంది? రమ దర్శకుడి భార్య, శ్రీవల్లి సంగీత దర్శకుడు కీరవాణి భార్య. కాబట్టి మాట ఎప్పుడూ 'కుటుంబమంతా కలిసి' దగ్గరికి చేరుతుంది. మగవాడు చేస్తే నైపుణ్యం అయ్యేది ఆడమనిషి చేస్తే అండగా నిలబడటం అవుతుంది. అన్నాతమ్ముళ్ళు కలిసి పనిచేస్తే మాత్రం ఎవరి ప్రతిభ వారికి విడిగానే ఉంటుంది.

ఇక ఏ వీడియోలోనూ కనిపించని పనికి వస్తాను. మా ప్రగతి నగర్‌లో, అంబీర్ చెరువు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో, హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్ళే అమ్మాయిలు గదులు పంచుకుని ఉంటారు. అందరూ సాఫ్ట్‌వేర్ కాదు. మా పై అంతస్తులో ఉండే ఒకమ్మాయి గ్రాఫిక్స్ స్టూడియోలో రోటో చేస్తుంది. బాహుబలి వచ్చేనాటికి ఆమె బడిలో ఉంది. రోటో అంటే ఏమిటో ఆమె నాకు చెప్పింది. తెర మీద కదిలే మనిషిని వెనకున్న దృశ్యం నుంచి విడదీయాలంటే ఆ మనిషి అంచు వెంట గీత గీయాలి. సెకనుకు 24 ఫ్రేములు. కంప్యూటర్ కొంత సాయం చేస్తుంది, మిగిలింది చేత్తో సరిచెయ్యాలి. హీరోని గాల్లో లేపిన తీగలను చెరిపెయ్యడం ఇంకో పని. అప్పుడే ఆ వెనక జలపాతమో కోటో పెట్టగలరు.

"అన్నిటికంటే కష్టం జుట్టు ఆంటీ," అంది. "గాలికి ఎగిరే జుట్టయితే ఇక చెప్పక్కర్లేదు."

"బాగా చేశావని ఎవరైనా అంటారా?"

"బాగా చేస్తే కనపడదు కదా. కనపడితే వెనక్కి పంపుతారు."

ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. బాగా చేస్తే కనపడని పని, చెయ్యకపోతే మాత్రమే కనపడే పని మనకు కొత్తకాదు. తుడిచిన నేల, కడిగిన అంట్లు, వేళకు పిల్లవాడి ముందు పెట్టిన కంచం అలాంటివే. ఈ రంగంలో మగవాళ్ళు లేరని కాదు, చాలామందే ఉన్నారు. కానీ పని స్వభావమే ఇంటిపనిది. తన ఆనవాలు తనే చెరిపేసుకుంటేనే అది పూర్తయినట్టు. డెలివరీ ముందు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవాలి. కాంట్రాక్టు ఆరు నెలలకోసారి. పొడిగిస్తారో లేదో ఆఖరి వారం దాకా తెలియదు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు.

ఇది మన ఊరి సంగతే కూడా కాదు. 'లైఫ్ ఆఫ్ పై'లో ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. వేదిక మీద బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాల గురించి నోరు విప్పగానే 'జాస్' సినిమా సంగీతం పెంచి ఆయన మాట వినపడకుండా చేశారు. బయట ఆ రంగంలో పనిచేసేవాళ్ళు వందలమంది నిరసన చేస్తున్నారు. పులి మాత్రం అద్భుతంగా ఉంది.

అలాగని తెరవెనక శ్రమంతా యంత్రాల శ్రమేనని నేను ఒప్పుకోను. 1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' గురించి ఎవరు మాట్లాడినా మార్కస్ బార్ట్‌లే వెన్నెల గురించి, ఘటోత్కచుడి నోట్లోకి వాటంతటవే వెళ్ళే లడ్డూల గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ సినిమాలో అతి పెద్ద మాయ సావిత్రి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నటించింది. ఎస్.వి. రంగారావు నడక, ఆ ఛాతీ విరుపు, ఆ కనుబొమ్మల బిగువు ఒక అమ్మాయి ఒంట్లోకి తెచ్చుకుంది. దీనికి కెమెరా జిమ్మిక్కు ఏమీ లేదు, ఒళ్ళే సాధనం. మగతనం కూడా నేర్చుకుని వేసే వేషమేనని ఇంత సరదాగా చెప్పిన సన్నివేశాలు మనకు తక్కువ. 2010లో ఆ సినిమాకు రంగులద్దినప్పుడు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థలో ఎంతోమంది నెలల తరబడి కూర్చుని చేశారు. సావిత్రి చీర రంగు ఏ చేతులు అద్దాయో మనకెలా తెలుస్తుంది?

బాహుబలిలో ఇలాంటి స్త్రీ శక్తి లేదా అంటే ఉంది. రెండో భాగంలో తనను తాకబోయిన సేనాపతి వేళ్ళు నరికే దేవసేనను ఎవరూ 'తయారు' చెయ్యలేదు. (మూడు బాణాలు ఒకేసారి వెయ్యడం మాత్రం అతనే నేర్పాలి, ఆ ముచ్చట ఉండాల్సిందే కాబోలు.) ఇక శివగామి. 1995 'అమ్మోరు'లో గ్రాఫిక్స్ నడుమ దేవతగా నిలబడిన రమ్యకృష్ణే ఇరవై ఏళ్ళ తర్వాత సింహాసనం మీద కూర్చుని ఇద్దరు పసివాళ్ళను ఒడిలో పెట్టుకుని రాజ్యం నడిపింది. ఈ పాత్రకు ముందు శ్రీదేవిని అడిగారు. ఆమె పెట్టిన షరతుల గురించి రాజమౌళి 2017లో ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు, ఆమె నొచ్చుకున్నారు, బయట మాట్లాడి ఉండాల్సింది కాదని ఆయన తర్వాత అన్నారు. పెద్ద హీరోల పారితోషికం మనకు వాళ్ళ స్థాయికి గుర్తుగా వినిపిస్తుంది. హీరోయిన్ అడిగితేనే అది గొంతెమ్మ కోరిక.

సినిమా మొదట్లోనే శివగామి వరద నీళ్ళలో మునిగిపోతూ ఒక్క చెయ్యి పైకెత్తి బిడ్డను పట్టుకుంటుంది. ముఖం లేదు, ఒళ్ళు లేదు, రాజ్యానికి వారసుణ్ణి మోస్తున్న చెయ్యి మాత్రమే మిగిలింది. దేశమంతా గోడల మీద అంటించిన బొమ్మ అదే. కేరళ చిత్రీకరణలో ఆ దృశ్యానికి వాడిన పసికందు ఆడపిల్ల అని తర్వాత పత్రికల్లో వచ్చింది. యూనిట్‌లో పనిచేసే ఒకరి కూతురట. మగ వారసుడికోసం ఒక స్త్రీ ప్రాణం ఇచ్చే ఘట్టంలో ఆ వారసుడు ఒక ఆడపిల్ల. దీన్ని అందరూ 'మీకు తెలుసా' అని వినోదంగా చెప్పుకుని వదిలేశారు.

కొన్ని తెరవెనక కథలు వినోదంగా కూడా బయటికి రావు. 2018లో తెలుగు పరిశ్రమలో లైంగిక వేధింపుల గురించి నటీమణులు, జూనియర్ ఆర్టిస్టులు బాహాటంగా మాట్లాడారు. ఆ తర్వాత ఏడాది తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో ఉపసంఘం నివేదిక ప్రభుత్వానికి చేరింది. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో వెలుగుచూశాక, మన నివేదిక కూడా బయటపెట్టమని సమంత, 'వాయిస్ ఆఫ్ విమెన్' బృందం అడిగారు. అప్పటికి రెండేళ్ళు దాటింది. దున్నబొమ్మ లోపల ఏ మోటార్లున్నాయో మనకు వివరంగా చూపించారు. జూనియర్ ఆర్టిస్టులు బట్టలెక్కడ మార్చుకుంటారో, రాత్రి షూటింగ్ అయ్యాక ఇంటికెలా చేరతారో చూపించిన మేకింగ్ వీడియో నేనింతవరకు చూడలేదు.

పైంటి అమ్మాయిని సినిమా చివర వచ్చే పేర్లలో నీ పేరు ఎప్పుడైనా చూసుకున్నావా అని అడిగాను. పెద్ద స్టూడియో నుంచి చిన్న స్టూడియోకి, అక్కడినుంచి ఇంకో చిన్న ఆఫీసుకి పని చేతులు మారుతుందని, పేర్లు అంత దూరం రావని చెప్పింది. ఇప్పుడేం చేస్తున్నావంటే ఒక హీరోయిన్ జుట్టు, పదకొండు రోజులనుంచి, అంది. ఏ సినిమాయో చెప్పకూడదట, సంతకం పెట్టించుకున్నారు.